వైను తాగిన కమాను

దగ్గరికి రండి, ఇంకా దగ్గరికి. ఆ బల్ల ఇటు లాక్కోండి. చిక్కుడుకాయలు ఒలిచే చేతులు ఒలుస్తూనే ఉండవచ్చు, చెవులు మాత్రం ఇటు పడెయ్యండి. సంతకి వెళ్ళినప్పుడల్లా తలెత్తి కప్పు కేసి చూసి, ఆ మూల ఇటుకల సందుల్లో గులాబి రంగేమిటని పీక్కు తింటారు కదా. అది రంగు కాదు, వైను. మన కసనోల్ సంత కప్పు ఒకప్పుడు పూటుగా తాగింది. తాగినవాళ్ళు ఏం చేస్తారో అదీ అదే చేసింది: నిలబడలేకపోయింది. దాన్ని మళ్ళీ నిలబెట్టినవాడు ఆనిసె బొనఫూస్. ఈ కథ ఆయనదే.

ఆనిసె పీపాలు కట్టే ఇంట పుట్టాడు. తల్లి లేని పిల్లవాడు కావడంతో మేనత్త ఫిలొమేన్ పెంచింది. ఫిలొమేన్ అత్త మనిషి నిలువెత్తు పీపా, గొంతు చర్చి గంట. ఆవిడ చాకిరేవులో తుమ్మితే ద్రాక్షతోటల్లో కుందేళ్ళు లేచి పరిగెత్తేవని చెప్పుకునేవారు. ఆవిడ కాదని ఎన్నడూ అనలేదు.

తండ్రి పీపా కడుతుంటే పిల్లవాడు గంటల తరబడి నోరు తెరుచుకుని చూసేవాడు. చెక్కలకి మేకు లేదు, జిగురు లేదు. ఒకదాన్నొకటి ఒత్తుకుని, కట్టు బిగిస్తే చాలు, బండరాయిలా నిలబడతాయి. ఇక అప్పటి నుంచి వాడికి అదే పిచ్చి. రొట్టె ముక్కలు వంచి, మధ్యలో మేక జున్ను మెత్తి, పళ్ళెంలోనే వంతెనలు కట్టేవాడు. సూపు చల్లారిపోయేది. అత్త గరిటె తీసుకుని నెత్తిన ఒకటి ఇచ్చేది. ఒక వేసవిలో పెరట్లో కోళ్ళ గూడు కట్టి, దాని పైకప్పుని దూలం లేకుండా ఇటుకలతో బోర్లించిన పీపాలా వంచాడు.

"దూలం ఏదిరా?" అంది అత్త.

"అక్కర్లేదత్తా. ఒకదాన్నొకటి పట్టుకుంటాయి."

"కోళ్ళ మీద పడితే?"

"నువ్వెక్కి చూడు."

ఎక్కింది. ఎక్కడమే కాదు, పాదాలు దడదడలాడించింది కూడా. లోపల కోళ్ళు గగ్గోలు పెట్టాయి కానీ కప్పు కదల్లేదు. అత్త దిగి వచ్చి, వాడి ముక్కు పిండి, "వీణ్ణి పారిస్ పంపాల్సిందే. ఇక్కడుంటే మన పళ్ళేలు మిగలవు" అని తీర్పు చెప్పింది.

పారిస్‌లో ఇళ్ళు గీయడం నేర్పే పెద్ద బడి ఉంది కదా. అక్కడ గడువు రోజున ఒక తోపుడుబండి వస్తుంది, బొమ్మలన్నీ దాని మీద వేసుకుని పంతుళ్ళ దగ్గరికి లాక్కుపోతారు. పని పూర్తికానివాళ్ళు బండితోపాటు పరిగెడుతూ, దాని మీదకెక్కి కూర్చుని, వీధుల వెంట గీస్తూనే ఉంటారు. ఆనిసె ప్రతిసారీ ఆ బండి మీదే. ఒకసారి రాళ్ళ బాటలో బండి ఎగిరిపడితే, రాజభవనానికి పెట్టాల్సిన పొగగొట్టాన్ని పక్కవాడి తెల్ల చొక్కా వీపు మీద గీసేశాడు. ఏం చేస్తాడు, ఆ పక్కవాణ్ణే పంతుళ్ళ ముందు వీపు తిప్పి నిలబెట్టాడు. పెద్ద పంతులు కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "భవనం మామూలే. పొగగొట్టం మాత్రం అద్భుతం" అన్నాడట. ఆ పిల్లవాడు ఆ చొక్కా ఉతకనే లేదట.

చదువైతే అయింది కానీ పని? పారిస్‌లో ఒక మహానుభావుడి కార్యాలయంలో చేరాడు. ఆయన భవనాలు వేస్తాడు, పేరు రాతి మీద చెక్కించుకుంటాడు. ఆనిసె ఆయన భవనాల మరుగుదొడ్ల కిటికీలు గీస్తాడు. ఏళ్ళ తరబడి కిటికీలే. "అంత పెద్ద పారిస్‌లో నేను గీసిన కిటికీలోంచి బయటికి చూసేవాడికి ఒక్క పనే గుర్తుంటుంది" అని ఇంటికి ఉత్తరం రాశాడు. అత్త చాకిరేవులో ఆ మాట చెప్పి అందరినీ నవ్వించింది గానీ, ఇంటికి వచ్చి ఏప్రనుతో కళ్ళు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే మన ఊళ్ళో కొత్త సంత కడదామనుకున్నారు. కింద బజారు, పైన నాట్యశాల. మేయరు పోలిదోర్ ఎస్కుదియేకి బొనఫూస్ కొడుకు గుర్తొచ్చాడు, అంటే అత్త గుర్తొచ్చేలా చేసింది. ఆనిసె రైలు దిగి, సూట్‌కేసు స్టేషన్‌లోనే మరిచిపోయి, చుట్టచుట్టిన బొమ్మలు చంకన పెట్టుకుని నేరుగా మేయరు గదికి వెళ్ళాడు. సంత మీద దూలం లేని ఇటుక కమాను కప్పు. పల్చటి పలక ఇటుకలు. సెంట్రింగు కూడా అక్కర్లేదు. ఇటుక అంచుకి ప్లాస్టరు రాసి, అంటించి, చేత్తో పట్టుకుని ఒక్క మరియమ్మ జపం చెబితే చాలు, గట్టిపడిపోతుంది. వదిలేసి ఇంకో ఇటుక. దాని పైన రెండో వరస, మూడో వరస సున్నంతో. ఇక దాని మీద ఊరంతా గెంతినా కదలదు.

మేయరుకి నచ్చింది. మేయరు బావమరిది కజల్బూకి నచ్చలేదు. కజల్బూ ఇనుము అమ్ముతాడు. మనిషి ద్రాక్ష తొక్కే తొట్టంత లావు, మాట కత్తెరంత సన్నం.

"గాల్లో ఇటుకలా? జపాలతో కప్పా? బావా, నీ మీటింగుల్లో జనం నిద్రపోతుంటే వాళ్ళ మీద పడతాయి, చూసుకో."

మేయరు అటూ ఇటూ చూసి, మీసం తిప్పి, రెండు వైపులా ఒప్పుకునే మాట ఒకటి అన్నాడు. "ఆనిసె, మన ఊరి పునీత రోక్ పండుగనాటికి కప్పు మూసుకోవాలి. మూసుకుంటే ఈ ఊరికి ఆర్కిటెక్టువి నువ్వే. బడి, చాకిరేవు, శ్మశానం గేటు, అన్నీ నీవే. లేదా కజల్బూ ఇనుప దూలాలు ఎక్కిస్తాను, నువ్వు మళ్ళీ పారిస్ రైలెక్కు."

ఆ మర్నాడే కజల్బూ ఇనుప దూలాలు తెప్పించి సంత ముందు చౌకులో పడేయించాడు. ఆనిసె రోజూ పనికి వెళుతూ వాటిని దాటాలి. దాటినప్పుడల్లా వాడి కళ్ళకి మరుగుదొడ్డి కిటికీలు కనబడేవి.

పని మాత్రం పెళ్ళివారి పందిరిలా సాగింది. హొనరా మేస్త్రి, ఆయన మనుషులు పరంజా మీద నిలబడి అరచేత ఇటుక, నోట జపం. కింద కూరలమ్మేవాళ్ళు తలెత్తి "ఆమెన్" అనేవారు. రెండు గోడల నుంచీ కమాను వంగుతూ వచ్చి, మధ్యలో ఒక నడవంత ఖాళీ మాత్రం మిగిలింది. దాన్లోంచి ఆకాశం నీలంగా కనబడేది. రొట్టెలవాడి కూతురు జెలీ పొద్దున్నే పనివాళ్ళకి రొట్టెలు తెచ్చి, ఆ నీలాన్ని చూసి, "ఆనిసెగారూ, అది మూసెయ్యకండి, బాగుంది" అనేది. ఆనిసె ఆవిణ్ణి చూసి, బదులు చెప్పబోయి, పెన్సిలు కొరికేవాడు.

ఇంతలో ఎండలు ముదిరాయి. ఏరు రాళ్ళు తేలింది. చౌకులో ఫౌంటెన్ మీది రాతి సింహం నోట్లోంచి నీళ్ళు పోయి బల్లి వచ్చింది. కంచరగాడిదల బండి పై ఊళ్ళ నుంచి తెచ్చే నీళ్ళు కడవల్లో దాచుకుని, అడిగినవాళ్ళకి లేవని చెప్పడం ఊరంతటికీ అలవాటైంది. నీళ్ళు లేకపోతే ప్లాస్టరు ఎలా కలుపుతారు? పని ఆగిపోయింది.

అయితే నీళ్ళు లేవు గానీ, వైనుకి కొదవా? ఆ ఏడు వైను అడిగే దిక్కులేదు. కొత్త పంట రాబోతోంది, పాత వైను పీపాల్లోనే కూర్చుంది. దాంతో పాదాలు కడుక్కున్నారు, గాడిదలకి తాగించారు. గాడిదలు ఇంటికి దారి తప్పాయి.

హొనరా మేస్త్రే అన్నాడు, తలపాగా గుడ్డతో మెడ తుడుచుకుంటూ: "బాబూ, ఆలోచించు. ద్రాక్ష దేంట్లో పుడుతుంది? రాళ్ళలో. రాయిలోంచి వచ్చిన రసం రాయిని పట్టదా?"

ఊరంతా అవునంది. పీపాలవాడి కొడుకు కాదంటాడా? ఆనిసెకి ఎండ, ఆశ, పరంజా కింది నుంచి లేచే వైను వాసన, మూడూ కలిసి తలకెక్కాయి. "కలపండి!" అని అరిచాడు. "మన రాళ్ళు, మన ద్రాక్ష, మన కప్పు! పారిస్‌లో ఎవడికుంది ఈ భాగ్యం?"

అబ్బ, ఆ రోజు! ప్రతి ఇంటి నుంచీ పీపాలు దొర్లుకుంటూ వచ్చాయి. నా వైను ముందంటే నా వైను ముందని పోట్లాట. "మీది పుల్లన, కప్పు మొహం చిట్లిస్తుంది." "మీది పల్చన, అసలు అంటుకోదు." ప్లాస్టరు గులాబి రంగులో ఉబ్బింది. పరంజా మీద అందరూ ముక్కులెగరేస్తూ, జపాలు మానేసి పాటలందుకున్నారు. మేయరు గోధుమ రంగు పట్టు టోపీ తీసి చేత పట్టుకుని, కప్పు కింద నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"పౌరులారా, ఈ చారిత్రక ఘడియలో..."

పైన హొనరా మేస్త్రి ఇటుక పట్టుకుని జపం ఒకసారి చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. మెల్లిగా చెయ్యి వదిలాడు. ఇటుక ఆలోచించింది. ఆలోచించి, సంతృప్తిగా జారి, మేయరు టోపీలో పడింది.

తరవాత ఇంకొకటి. తరవాత ఒక్కొక్కటీ, ఏదో పని గుర్తొచ్చి వెళ్ళిపోతున్నవాళ్ళలా. కింద గడ్డి పరిచి ఉండబట్టి బతికాం, మేయరు బల్ల కిందికి దూరబట్టి ఆయనా బతికాడు. నీళ్ళతో కట్టిన కమాను చెక్కు చెదరలేదు, వైనుతో అంటించినదే ఊడింది. గోడవార మూలన కొన్ని ఇటుకలు మాత్రం, వైను కలిపినా, పక్కవాటి మీద ఆనుకుని మొండిగా నిలిచాయి.

కజల్బూ నవ్వలేదు. నవ్వితే ఇంత బాధ ఉండేది కాదు. టోపీలోని ఇటుకని పైకి తీసి, దులిపి, చౌకులోకి చూపించాడు. "మీ వైను ఇటుకనే పట్టలేకపోయింది. ఇంకెవర్ని పడుతుంది? రేపు నా దూలాలెక్కిస్తాను, బావా."

మేయరు బల్ల కింది నుంచి, "రేపు కాదు, ఎల్లుండి. రేపు నా నడుం నొప్పి" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆనిసె పరంజా మీద ఒక్కడే కూర్చున్నాడు. కాళ్ళు వేలాడేసి, ఖాళీలోని నీలాన్ని చూస్తూ. కింద బకెట్లో నిన్నటి గులాబి ప్లాస్టరు జున్నులా మెత్తగానే ఉంది. సూట్‌కేసు ఎలాగూ స్టేషన్‌లోనే ఉంది, ఇక మోసుకెళ్ళే పని కూడా లేదు అనుకున్నాడు.

జెలీ మెట్లెక్కి వచ్చింది. ఒక చేతిలో రొట్టె, ఇంకో చేతిలో గ్లాసు.

"తాగండి."

"వైనొద్దు, జెలీ. నా జన్మకి చాలు."

"కళ్ళు తెరిచి చూడండి. నీళ్ళు."

"నీళ్ళా! ఎక్కడివి?"

"పిండి కలపడానికి నాన్న దాచుకున్నవి. నేను దొంగిలించలేదు, ఆయన అటు తిరిగి ఉన్నప్పుడు తీసుకున్నాను."

ఆనిసె ఒక గుక్క తాగాడు. మిగిలిన నీళ్ళు చూశాడు. బకెట్ చూశాడు. గంతు వేశాడు, పరంజా ఊగింది, జెలీ కేకపెట్టింది. సంచిలోంచి గుప్పెడు ప్లాస్టరు పొడి తీసి గ్లాసులో పోసి, వేళ్ళతోనే కలిపి, కళ్ళు మూసుకుని మరియమ్మ జపం మొదలుపెట్టాడు. జపం అయిపోయింది. వేళ్ళు బయటికి రాలేదు.

"జెలీ! వేళ్ళు రావడం లేదు!"

"అయ్యో, లాగండి!"

"లాగడమెందుకు! రావడం లేదంటున్నాను కదా, రావడం లేదు!" అని గ్లాసు ఇరుక్కున్న చెయ్యి పైకెత్తి, ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టేశాడు. పెట్టాక గాని తను ఏం చేశాడో తెలియలేదు. తెలిసేసరికి సగం మెట్లు దిగిపోయాడు.

ఒక్క గ్లాసే ఇంత పడితే ఇంటికో గ్లాసు చాలదా అనుకుంటూ, దాన్ని చేతికి గంటలా తగిలించుకుని ఊరంతా పరిగెత్తాడు. "నీళ్ళు! నీళ్ళు!" జనం నిప్పంటుకుందని బయటికొచ్చారు. నిప్పుకైనా ఇచ్చేవారు కాదేమో, నీళ్ళు అనగానే కొందరు తలుపులు వేసుకున్నారు. ఆనిసె ఫౌంటెన్ సింహం మీదెక్కాడు.

"వినండి! నిన్న తప్పు మన వైనుది కాదు!"

ఆ మాటకి తలుపులు కొంచెం తెరుచుకున్నాయి.

"మన వైను లోపలికెళితే మనిషి నిలబడతాడా?"

"నిలబడడు!" అన్నాడు హొనరా మేస్త్రి. ఆయన అనుభవజ్ఞుడు.

"మరి ఇటుకెలా నిలబడుతుంది? ప్లాస్టరుకే మత్తెక్కింది! గట్టిపడాలన్న సంగతే మరిచిపోయింది! పారిస్ వైను పోసి చూడండి, ఇంత పని చేస్తుందా? ఏ ఊరి వైనుకి ఉంది ఇంత బలం?"

ఊరు ఊరంతా ఊపిరి పీల్చుకుంది. నిన్నటి నుంచి అవమానంతో తలదించుకున్నవాళ్ళు ఒక్కసారిగా ఛాతీలు విరిచారు. ఫిలొమేన్ అత్త అందుకుంది, కుందేళ్ళు లేచిపోయే గొంతుతో:

"నిన్న వైను పోయడానికి ఒకరి మీద ఒకరు పడ్డారే! ఇవ్వాళ ఇంటికో గ్లాసుడు నీళ్ళు పొయ్యలేరట్రా? కడవలు ఎవరెవరి మంచాల కింద ఉన్నాయో నాకు తెలీదనుకున్నారా? దుప్పట్లు ఉతికేది నేనే!"

ఇక చూడండి ఆ ఊరేగింపు! అందరూ వైను గ్లాసుల్లోనే తెచ్చారు, వేరే గ్లాసులెక్కడివి? ఆ గ్లాసులు పుట్టి బుద్ధెరిగాక నీళ్ళ మొహం చూడలేదు. అలవాటు చొప్పున కొందరు "ఆరోగ్యం!" అని ఒకరి గ్లాసుకి ఒకరు తాకించి మరీ పోశారు. ఫాదరుగారు పవిత్రజలం తెచ్చి, "కమానుకి బాప్తిస్మం అనుకుంటే తప్పులేదు కదా?" అని తనని తాను అడిగి, తప్పులేదని తానే చెప్పుకున్నాడు. మంగలి అద్దాలు తుడిచే నీళ్ళు తెచ్చాడు. జెలీ తండ్రి పిండి నీళ్ళన్నీ పోసి, "పండుగ రొట్టె వైనుతోనే పిసుకుతాను, గులాబి రొట్టె తినండి" అన్నాడు. అలానే తిన్నాం, బాగుంది కూడా.

అందరికన్నా చివర మేయరుగారి భార్య ఒర్తాన్స్ వచ్చింది, గ్లాసుతో కాదు, మనుషుల చేత నీళ్ళు నిండిన జింకు స్నానపు తొట్టి మోయించుకుని. వెనక మేయరు, ఒంటికి బల్లగుడ్డ చుట్టుకుని, జుట్టు తడిగా.

"ఒర్తాన్స్! అది నా నడుం నొప్పికి వైద్యం!"

"పదవికి వైద్యం ఇదే, నడవండి. ఊరికి నీళ్ళు లేవని ఉపన్యాసాలిస్తూ ఇంట్లో మొసలిలా పడుకుంటారా?"

ఆనిసె గంభీరంగా తొట్టిలోకి తొంగిచూశాడు. "సబ్బు రాసుకున్నారా, మేయరుగారూ?"

"ఇంకా లేదయ్యా."

"అయితే పొయ్యండి!"

ప్లాస్టరు తెల్లగా మెరిసింది. అరచేత ఇటుక, నోట జపం. ఈసారి పరంజా మీద మాత్రమే కాదు, కింద చౌకంతా కలిసి జపం చెప్పింది, కూరలమ్మేవాళ్ళు, నోరున్న ప్రతివాళ్ళూ. చెయ్యి వదిలితే ఇటుక అక్కడే. నీలం సన్నబడుతూ, సన్నబడుతూ, కత్తి అంచంత అయింది. ఆఖరి ఇటుక జెలీ అందించింది. "బాగుందన్నాను కదా ఆకాశం" అంది. "కింద నువ్వుంటే పైన ఆకాశమెందుకు" అన్నాడు ఆనిసె, పెన్సిలు కొరకకుండానే. హొనరా మేస్త్రి దగ్గి, అటు తిరిగి, ఇటుకని పొగిడాడు. పండుగకి ముందు మిగిలిన రోజుల్లో పై వరసలు సున్నంతో వేసి, పలకలు పరిచేశారు.

మన వైపు కమాను కట్టినవాడు దాని కింద నిలబడాలి, మీద బరువు పడేటప్పుడు. అదొక మర్యాద. పునీత రోక్ పండుగ రోజు మధ్యాహ్నం ఆనిసె కప్పు కింద ఒంటరిగా బల్ల వేసుకు కూర్చున్నాడు. ఒంటరిగా కూర్చుందామనుకున్నాడు. ఫిలొమేన్ అత్త ద్రాక్షపుల్లల మంట మీద కాల్చిన నత్తల జల్లెడ, వెల్లుల్లి గిన్నె పట్టుకుని వచ్చి ఎదురుగా కూలబడింది.

"అత్తా, బయటికెళ్ళు. నియమం నాకే."

"కోళ్ళగూడు మీద నేనెక్కాను. కింద కూర్చోవడం నా వంతు. నత్తలు చల్లారకముందే తిను."

పైన నాట్యశాలలో బాజాలు మొదలయ్యాయి. ఊరంతా చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతోంది. దుమ్ము రాలి వెల్లుల్లి గిన్నెలో పడుతోంది. ఆనిసె నత్త పుల్లకి గుచ్చి, నోటి దాకా తెచ్చి, కప్పు చూసి, మళ్ళీ దింపాడు.  ఒక్క ఇటుక జారితే చాలు, రేపటి రైలు.

అప్పుడు వినబడింది దబ్బుమని ఒక చప్పుడు. మళ్ళీ దబ్బు. మళ్ళీ.

"అదేంటది?" అన్నాడు ఆనిసె, తెల్లబోయి.

"కజల్బూ" అంది అత్త, నత్త జుర్రుకుంటూ. "ఆ పాదం నాకు తెలుసు."

నిజమే. కజల్బూ పైన సరిగ్గా మధ్యలో, ఆఖరి ఇటుక మీద నిలబడి, రెండు కాళ్ళతో ఎగిరెగిరి పడుతున్నాడు. కప్పు కూలాలని మొహం కందగడ్డలా చేసుకుని, గుండీలు ఊడిపోతున్నా వదలకుండా! జనానికి అదేం తెలుసు? "ఆహా, కజల్బూ! ఏం కాళ్ళు! ఏం ఊపు!" అని చుట్టూ చేరి చప్పట్లు. బాజావాళ్ళు ఆయన గెంతుకి తగ్గట్టు వేగం పెంచారు. వేగం పెంచితే ఇంకా గెంతాడు. ఎంత గెంతితే అంత చప్పట్లు. చివరికి ఊపిరి అందక వెల్లకిలా పడ్డాడు. మేయరు పరుగున వచ్చి, ఆ ఏడు ఉత్తమ నాట్యకారుడని ప్రకటించి, బహుమతి పంది తొడని బావమరిది పొట్ట మీద పెట్టాడు.

కింద బల్ల దగ్గర ఆనిసె చెవి రిక్కించాడు. ఒక్క ఇటుక కదల్లేదు. మూలన గులాబివి కూడా. దుమ్ము మాత్రం మెల్లిగా దిగి అత్త జుట్టు మీద పిండిలా వాలింది.

"ఇప్పుడు తిను" అంది అత్త. అప్పుడు చూసుకున్నాడు, నత్తల జల్లెడ ఖాళీ.

మెట్ల మీద అడుగులు. జెలీ కిందికొచ్చి, చప్పుడు చెయ్యకుండా బల్ల దగ్గర మూడో కుర్చీ లాక్కుని కూర్చుంది. కట్టినవాడి పక్కన కప్పు కింద కూర్చోవడమంటే ఏమిటో ఆవిడకి తెలుసు. ఆనిసెకీ తెలుసు. అత్తకి ఇద్దరికన్నా ముందే తెలుసు. అందుకే వెల్లుల్లి గిన్నె తీసుకుని, "దీన్ని కడగాలి" అని లేచిపోయింది. నీళ్ళు లేని ఊళ్ళో గిన్నె కడుగుతుందట!

ఆ తరవాత ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. సూట్‌కేసు స్టేషన్ మాస్టరే ఇంటికి పంపించాడు. బడి, చాకిరేవు, శ్మశానం గేటు, పక్క ఊళ్ళ వంతెనలు, వైను గోదాములు, ఈ లోయ పొడుగునా బోర్లించిన పీపాల్లాంటి ఆ కప్పులన్నీ ఆయనవే. పారిస్ మహానుభావుడే ఒకసారి చూడ్డానికి వచ్చి, "దూలాలేవి?" అని అడిగాడట. ఆనిసె చౌకులోకి తీసుకెళ్ళి చూపించాడు: మనం సాయంత్రాలు కూర్చుని కబుర్లాడే ఇనుప బెంచీలు అవే. కజల్బూ కూడా వాటి మీదే కూర్చుని, నాట్యంలో తన ఘనత గురించి చెప్పి చెప్పి, చివరికి తానే నమ్మేశాడు.

ఇక ఎక్కడ కమాను మూసినా, ఆఖరి ఇటుకకి ఇంటికో గ్లాసుడు నీళ్ళు తేవాలన్న ఆచారం అక్కడే పుట్టింది. ఫౌంటెన్ నిండుగా పారుతున్నా సరే, తేవాలి. వైను గ్లాసులోనే తేవాలి. తాకించి మరీ పొయ్యాలి.

ఆనిసె ముసలివాడయ్యాక, శ్మశానంలో జెలీ పక్కన తన చోటు ముందే చూసుకుని, హొనరా మేస్త్రి మనవణ్ణి పిలిచి చెప్పాడు. "నా సమాధి రాయికి నీళ్ళతో కలపకు. వైనుతో కలుపు."

"నిలవదు కదా, తాతా?"

"నిలవకూడదనే. పునీత రోక్ పండుగకి పైన బాజా మోగితే నేను కొంచెం రాయి జరుపుకుని వినద్దూ?"

అలాగే చేశారు. వెళ్ళి చూడండి, ఆ రాయి ఇప్పటికీ ఒక పక్కకి వాలి ఉంటుంది. చలికాలపు మంచుకి నేల ఉబ్బడం వల్ల అనేవాళ్ళు అంటారు. వాళ్ళ మాట వినకండి. రేపు మీ పిల్లలు సంతలో తలెత్తి, ఆ గులాబి రంగేమిటని అడిగితే, మీరు ఇది చెప్పాలి. కజల్బూ గెంతులు మాత్రం లేచి నిలబడి చేసి చూపించండి. కూర్చుని చెబితే ఆ కథ నిలవదు. ఇంతకీ చిక్కుళ్ళు అయ్యాయా?